లుంబిని ఊరికి దక్కిన వాటా



మాకు చదువు చెప్పిన మాస్టారి పేరిట నెలకొల్పిన ఈ ఉపన్యాసానికి పిలుపు వచ్చినప్పుడు ఏ విషయం మాట్లాడమంటారని నిర్వాహకులను అడిగాను. ఆయనకు ఇష్టమైనది ఏదైనా ఫరవాలేదన్నారు. ఆయనకు చరిత్ర ఇష్టం, ప్రయాణం ఇష్టం. తరగతిలో ఒక శాసనం చదివించి, సెలవులు రాగానే ఆ శాసనం దొరికిన ఊరికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లడం ఆయన పద్ధతి. అందుకని ఈ సాయంత్రం ఒక శాసనం దగ్గర మొదలుపెట్టి, ఆ శాసనం ఉన్న ఊరికి వెళ్లే దారి గురించి మాట్లాడతాను. ఆ దారి మధ్యలో ఒక దేశపు హద్దు ఉంది. ఒకే చరిత్ర రెండు దేశాల్లోకి విడిపోయినప్పుడు, దాన్ని చూడవచ్చే మనిషి కోసం ఆ రెండు దేశాలూ కలిసి ఏం చేయాలి, ఏం చేస్తున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి అన్నదే నా విషయం.

తన అనుయాయులు దర్శించదగిన స్థలాలు నాలుగని బుద్ధుడు కడపటి రోజుల్లో చెప్పినట్టు మహాపరినిబ్బాన సుత్తంలో ఉంది. పుట్టిన లుంబిని, బోధి కలిగిన బుద్ధగయ, మొదటిసారి ధర్మం చెప్పిన సారనాథ్, కన్నుమూసిన కుశీనగరం. ఇవాళ వీటిలో మూడు భారతదేశంలో, ఒకటి నేపాల్‌లో ఉన్నాయి. ఆ ఒక్కటీ కూడా మన హద్దుకు పది కిలోమీటర్ల లోపే. అయిదో శతాబ్దం మొదట్లో ఫాహియాన్, ఏడో శతాబ్దంలో హ్యూయన్ త్సాంగ్ ఈ చోట్లన్నీ ఒకే యాత్రలో తిరిగారు. ఇప్పుడు కూడా థాయిలాండ్ నుంచో, శ్రీలంక నుంచో, మయన్మార్ నుంచో, కొరియా నుంచో బయలుదేరే యాత్రికుడి మనసులో ఇది ఒకే యాత్ర. కాగితాల్లో మాత్రం రెండు.

లుంబినిలో అశోకుడి స్తంభం ఉంది. 1896 డిసెంబరులో పాల్పా గవర్నరైన జనరల్ ఖడ్గ షంషేర్, జర్మన్ పురావస్తు ఉద్యోగి ఫ్యూరర్ అక్కడ ఉండగా దాని మొదలు తవ్వితే బ్రాహ్మీ అక్షరాలు బయటపడ్డాయి. అయిదే పంక్తులు. పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట దేవానాంప్రియుడు స్వయంగా వచ్చి పూజ చేశాడని, బుద్ధుడు ఇక్కడ పుట్టాడు కనుక రాతిస్తంభం నిలిపించాడని అందులో ఉంది. ఆఖరి పంక్తిని మాస్టారు మా చేత రెండుసార్లు చదివించేవారు. లుంబిని గ్రామానికి బలి అనే పన్ను తీసేశారట, పంటలో ఎనిమిదో వంతు చాలన్నారట. దూరం నుంచి ఒక యాత్రికుడు వచ్చాడు. ఆయన చక్రవర్తి కావడంతో ఊరికి పన్ను తగ్గింది. మనకు తెలిసినంతలో ఒక పుణ్యక్షేత్రపు యాత్ర వల్ల ఆ ఊళ్లో బతికేవారికి ఏం దక్కిందో రాతి మీద రాసిపెట్టిన తొలి లెక్కల్లో ఇదొకటి. రెండు దేశాలు కలిసి పర్యాటకాన్ని పెంచుతామని సంతకాలు చేసిన ప్రతిసారీ ఆ ఆఖరి పంక్తి పెట్టి కొలవాలని నా అభిప్రాయం. హద్దు దాటేవాడికి దారి సులువైందా? దాటి చేరుకున్న ఊరికి ఏమైనా మిగిలిందా? సహకారాన్ని తూచడానికి ఈ రెండు ప్రశ్నలు చాలు.

ముందు దారి సంగతి చూద్దాం. గోరఖ్‌పూర్ నుంచి ఉత్తరంగా వంద కిలోమీటర్ల దాకా వెళితే సొనౌలీ వస్తుంది. ఇటు ఉత్తరప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్ జిల్లా, అటు నేపాల్‌లోని రూపందేహి జిల్లా. ఇటు గేటు, అటు గేటు, అవతల ఉన్న బస్తీ పేరు బెలహియా. 1950 నాటి ఒప్పందం పుణ్యమా అని మనకూ నేపాలీలకూ వీసా లేదు. కూరగాయల సంచితో ఇటు వచ్చేవాళ్లు, పెళ్లికి అటు పోయేవాళ్లు, సైకిళ్లు, రిక్షాలు అన్నీ కలిసి నడుస్తుంటాయి. గేటు దాటగానే గడియారం పదిహేను నిమిషాలు ముందుకు జరుపుకోవాలి. కొత్తవాళ్లకు అదో ముచ్చట. మన బండి తీసుకెళ్లాలంటే భన్సార్ దగ్గర, అంటే నేపాల్ కస్టమ్స్ కార్యాలయంలో, రోజుల లెక్కన రుసుము కట్టి చీటీ తీసుకోవాలి.

మూడో దేశం నుంచి వచ్చినవాడి అవస్థ వేరు. ఇటు ఇమ్మిగ్రేషన్ కార్యాలయం బజారు దుకాణాల మధ్య ఉంటుంది. అక్కడ నిష్క్రమణ ముద్ర, అటు వెళ్లి నేపాల్ వీసా, మళ్లీ తిరిగొచ్చేటప్పుడు ఇదే తంతు. ఒక్కసారి ప్రవేశానికే చెల్లే వీసాతో బుద్ధగయకు వచ్చినవాడు లుంబినికి వెళ్లాడంటే కుశీనగరం చూడటానికి తిరిగి రాలేడు. మన ఈ-వీసా చాలాకాలం ఎంపిక చేసిన విమానాశ్రయాల్లో, ఓడరేవుల్లో దిగేవారికే చెల్లింది. నేల మీద నడిచొచ్చే యాత్రికుడి కోసం దాన్ని తయారుచేయలేదు. నాలుగు క్షేత్రాల యాత్రలో ఒక క్షేత్రానికి వెళితే మిగతావి పోతాయేమోనని ముందే భయపడే పరిస్థితి ఇది. భయపడినవాడు ఏం చేస్తాడు? లుంబినిని వదిలేస్తాడు. లేదా పొద్దున వెళ్లి, మాయాదేవి గుడి చుట్టూ ఒకసారి తిరిగి, స్తంభం దగ్గర ఫోటో తీసుకుని, సాయంత్రానికి గేటు ఇవతల పడతాడు. రాత్రి అక్కడ నిద్రపోడు. నిద్రపోని యాత్రికుడి వల్ల ఊరికి వచ్చేది బహు స్వల్పం.

యాత్రికుడి దగ్గర గేటు పెట్టి డబ్బు గుంజడం మన నేలకు కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి ఎందరి ఏలుబడిలోని నేలలు దాటుకుంటూ వెళ్లారో ఆయన కాశీయాత్ర చరిత్ర చదివినవారికి తెలుసు. ఆ రోజుల్లో ప్రయాగలో, గయలో, పూరీలో కంపెనీ ప్రభుత్వం యాత్రికుల మీద పన్ను వసూలు చేసేది. 1840లో గానీ అది పోలేదు. అశోకుడి కాలంలో యాత్ర వల్ల ఊరికి పన్ను తగ్గింది, కంపెనీ కాలంలో యాత్రికుడికే పన్ను పడింది. మన కాలం ఈ రెండింటిలో ఏ పక్కన నిలబడుతుందో మనమే తేల్చుకోవాలి.

మంచి పనులు జరగలేదని అనను. 2007లో మన రైల్వే బౌద్ధ యాత్రకు మహాపరినిర్వాణ ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టింది. గయ, వారణాసి చూపించి, సరిహద్దు దగ్గర బస్సులెక్కించి లుంబినికి తీసుకెళ్లి తెస్తుంది. 2018 మేలో జనక్‌పూర్-అయోధ్య బస్సును ఇద్దరు ప్రధానులూ కలిసి ప్రారంభించారు. 2022 ఏప్రిల్‌లో జయనగర్ నుంచి నేపాల్‌లోని కుర్తా దాకా రైలు మళ్లీ కదిలింది. ఆ జూన్‌లోనే రామాయణ యాత్ర పేరిట భారత్ గౌరవ్ రైలు హద్దు దాటి జనక్‌పూర్ వెళ్లింది. 2024 మార్చి నుంచి మన యూపీఐతో నేపాల్ దుకాణాల్లో క్యూఆర్ కోడ్ మీద చెల్లింపులు చేయవచ్చు. ఈ ఆఖరిది నాకు అన్నిటికన్నా పెద్ద పనిగా కనిపిస్తుంది. 2018 చివర్లో నేపాల్ ప్రభుత్వం వంద రూపాయలకు మించిన మన నోట్లను నిషేధించినప్పుడు యాత్రికులు చిల్లర కోసం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఫోనుతో డబ్బు చెల్లితే పూసల దండలమ్మే మనిషికి నేరుగా చేరుతుంది. మధ్యలో నోట్లు మార్చేవాడి కమీషను ఉండదు. ఈ పనికి శిలాఫలకం వేయరు, రిబ్బను కత్తిరించరు. పనిచేసే సహకారం చాలావరకు ఇలాగే ఉంటుంది.

రిబ్బన్లు కత్తిరించిన చోట ఏమైందో కూడా చెప్పాలి.

2021 అక్టోబరు 20న కుశీనగర్‌లో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. కొలంబో నుంచి భిక్షువులతో, బుద్ధ ధాతువులతో వచ్చిన శ్రీలంకన్ విమానం అందులో దిగిన తొలి అంతర్జాతీయ విమానం. ఏడు నెలలు తిరగకుండానే 2022 మే 16న, బుద్ధపూర్ణిమ నాడు, హద్దుకు అవతల భైరహవాలో గౌతమ బుద్ధ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. దాని రన్‌వే మూడు కిలోమీటర్లు. ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో కట్టింది. రెండింటి మధ్య గీత గీస్తే వంద కిలోమీటర్ల లోపే. ఆ బుద్ధపూర్ణిమ నాడే మన ప్రధాని లుంబినికి వెళ్లారు. కుశీనగర్‌లో దిగి, అక్కడి నుంచి హెలికాప్టరులో లుంబినిలో వేసిన హెలిప్యాడ్ మీద దిగారు. లుంబినిలో భారత బౌద్ధ సంస్కృతి వారసత్వ కేంద్రానికి పునాదిరాయి వేశారు. అదే రోజు, కొద్ది మైళ్ల దూరంలో ప్రారంభమవుతున్న విమానాశ్రయంలో మాత్రం దిగలేదు. దాన్ని కట్టింది చైనా కంపెనీ కావడమే కారణమని పత్రికలు రాశాయి. కారణాల జోలికి నేను పోను. ఫలితం మాత్రం అందరికీ కనిపిస్తోంది. కుశీనగర్‌లో క్రమం తప్పని అంతర్జాతీయ సర్వీసులు నిలదొక్కుకోలేదు. భైరహవాలోనూ తొలి ఏళ్లలో అదే కథ. నేపాల్‌కు వెళ్లే చాలా విమానాలు సిమరా మీదుగానే లోపలికి రావాలి. అది భైరహవాకు తూర్పున ఉంది. పడమటి విమానాశ్రయాలకు దగ్గరి దారులు మన గగనతలంలోంచి తెరవమని నేపాల్ ఏళ్లుగా అడుగుతోంది.

ఇద్దరన్నదమ్ములు ఒకే గట్టుకు అటూ ఇటూ చెరో బావీ తవ్వించి, నీళ్లు పడలేదని ఒకరినొకరు అనుకున్నట్టుంది ఇది. కలిసి ఆలోచించి ఉంటే యాత్రికుడు ఒక విమానాశ్రయంలో దిగి, నాలుగు క్షేత్రాలూ చూసి, రెండోదాంట్లో ఎక్కి ఇంటికి పోయేవాడు. రెండు విమానాశ్రయాలకూ పని దొరికేది. దీనికి ఇప్పటికీ ఆలస్యం కాలేదు. రన్‌వేలు అక్కడే ఉన్నాయి.

కలిసి చేసినచోట ఎలా ఉందో చూడాలంటే ఆఫ్రికాకు వెళ్లాలి. జాంబెజీ నది మీద విక్టోరియా జలపాతం జాంబియా, జింబాబ్వే దేశాలకు ఉమ్మడి. 1989లో యునెస్కో దాన్ని రెండు దేశాల పేరా ఒకే వారసత్వ స్థలంగా నమోదు చేసింది. 2011 ఆగస్టులో అంగోలా, బోట్స్వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వే అధినేతలు లువాండాలో ఒక ఒప్పందం మీద సంతకం చేశారు. దాదాపు 5,20,000 చదరపు కిలోమీటర్ల అడవులు, నదులు కలిపి కాజా అనే సరిహద్దులు దాటిన సంరక్షణ ప్రాంతం ఏర్పడింది. అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే వచ్చే విస్తీర్ణానికి దాదాపు రెట్టింపు. 2013లో జాంబియా, జింబాబ్వే కలిసి ప్రపంచ పర్యాటక సంస్థ మహాసభకు ఆతిథ్యమిచ్చాయి. మరుసటి ఏడాది నవంబరులో యూనివీసా వచ్చింది. 50 డాలర్లు కడితే 30 రోజులు ఈ రెండు దేశాల మధ్య ఎన్నిసార్లయినా తిరగవచ్చు, కజుంగుల మీదుగా బోట్స్వానాకు ఒక పగటి పర్యటన కూడా చేసి రావచ్చు. మధ్యలో అది ఆగిపోయింది కూడా. 2016 డిసెంబరులో మళ్లీ మొదలైంది. ఆగిపోయిన సంగతి దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే సహకారం ఒకసారి సంతకం చేస్తే నడిచిపోయేది కాదు. స్టిక్కర్లు అచ్చు వేయించాలి, వసూలైన డబ్బు పంచుకోవాలి, రెండు కౌంటర్లలో ఒకే కంప్యూటరు పద్ధతి ఉండాలి, గుమాస్తాలకు శిక్షణ కావాలి. ఇవన్నీ చేయడానికి ఓపిక కావాలి.

ఆ దేశాలు మనకన్నా సంపన్నమైనవేమీ కావు. వాటి మధ్య పాత తగవులు లేకపోలేదు. అయినా ఒక వీసా మీద ఒప్పుకున్నాయి. భారత్, నేపాల్ మధ్య అసలు వీసాయే లేదు. తమ ప్రజల విషయంలో అంత విశాలంగా ఉన్న రెండు దేశాలు మూడో దేశపు యాత్రికుడి కోసం ఒక్క ఉమ్మడి చీటీ ఇవ్వలేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పొరుగువాళ్లతో మాటే లేనిచోట కూడా దారి వేయవచ్చని కర్తార్‌పూర్ చూపింది. డేరా బాబా నానక్ దగ్గర గట్టు మీద నిలబడి బైనాక్యులర్లతో పాకిస్తాన్ వైపున్న గురుద్వారా చూసి దండం పెట్టుకునే జనానికి 2019 నవంబరు 9న వీసా లేని దారి దొరికింది. రోజుకు 5,000 మంది దాకా, ఒక్కొక్కరికి 20 డాలర్ల రుసుము. కోవిడ్‌లో మూసి 2021 నవంబరులో తెరిచారు. 2025 మేలో యుద్ధ వాతావరణంలో మళ్లీ మూసేశారు. యాత్రాదారికి రాజకీయాల నుంచి రక్షణ ఉండదని కూడా అదే చూపింది.

ఇక చరిత్రను ఎవరిదని పంచుకునే సంగతి. బుద్ధుడు పెరిగిన కపిలవస్తు ఎక్కడ? నేపాల్‌లోని తిలౌరాకోట్ అని నేపాల్, ఉత్తరప్రదేశ్ సిద్ధార్థనగర్ జిల్లాలోని పిప్రహ్వా అని మనవాళ్లు. 1898 జనవరిలో పెప్పే అనే ఎస్టేటుదారు పిప్రహ్వా స్తూపాన్ని తెరిచి ధాతుపేటికలు, రత్నాలు బయటికి తీశాడు. 1970ల్లో మన పురావస్తు శాఖ అక్కడే కపిలవస్తు పేరున్న మట్టిముద్రలు కనుగొంది. తిలౌరాకోట్‌లో కోటగోడలు, వీధులు ఉన్న పట్టణం బయటపడింది. లుంబినిలో మాయాదేవి గుడి లోపల 2011 నుంచి నేపాల్ పురావస్తువేత్తలు, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి తవ్వి, ఇటుకల కట్టడాల కింద అంతకన్నా పాతదైన కర్రల నిర్మాణపు ఆనవాళ్లు చూపించారు. ఈ తగాదా పండితులకు వదిలేయవచ్చు. యాత్రికుడికి మాత్రం రెండూ చూపించాలి. ఇక్కడ ఇది దొరికింది, అక్కడ అది దొరికింది, మీరే ఆలోచించండి అని చెప్పగల గైడు రెండు దేశాల్లోనూ ఉండాలి. ఒక దేశం గైడు గేటు దగ్గర ఆగిపోయి, రెండో దేశం గైడు మొదటి అతను చెప్పిందంతా తప్పని మొదలుపెడితే యాత్రికుడికి దక్కేది గందరగోళం. రెండు దేశాలూ కలిసి ఒకే పాఠ్యపుస్తకంతో గైడ్లకు శిక్షణ ఇచ్చి, రెండు చోట్లా చెల్లే లైసెన్సు ఇస్తే దానికయ్యే ఖర్చు ఒక విమానాశ్రయం గోడకు వేసే రంగుల ఖర్చు కూడా కాదు.

ఆ పిప్రహ్వా ధాతువులు చాలా దేశాలు తిరిగాయి. 1899లో వాటిలో ఒక భాగాన్ని సయాం రాజు చులలాంకర్న్‌కు ఇస్తే, ఆయన బర్మాకూ సింహళానికీ పంచిపెట్టాడు. 2021లో కుశీనగర్‌కు కొలంబో నుంచి వచ్చిన వస్కడువా విహారపు ధాతువుల మూలం కూడా పిప్రహ్వాయే. 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ జాతీయ మ్యూజియంలోని ధాతువులను థాయిలాండ్ తీసుకెళితే నాలుగు వారాల లోపే 40 లక్షలకు పైగా జనం దర్శించుకున్నారని మన ప్రభుత్వమే చెప్పింది. 2025లో పెప్పే వారసుల దగ్గరున్న రత్నాలు హాంకాంగ్‌లో వేలానికి వెళ్లబోయి, మన ప్రభుత్వం అడ్డుపడటంతో ఆగి, జులైలో దేశానికి తిరిగొచ్చాయి. ధాతువులు హద్దులు దాటి వెళితే అన్ని లక్షల మంది వరుసలో నిలబడ్డారు. అందులో వెయ్యికి ఒకరు ఆ ధాతువులు దొరికిన నేలకు రావాలనుకున్నా సొనౌలీ గేటు తట్టుకోగలదా? అక్కడ సమగ్ర తనిఖీ కేంద్రానికి 2023 జూన్‌లో ఇద్దరు ప్రధానులూ శంకుస్థాపన చేశారు. లారీల కోసం ఎన్ని వరుసలు ఉంటాయో, కాలినడకన వచ్చే యాత్రికుడి కోసం కూడా అంత శ్రద్ధగా ఆలోచించాలని కోరుకుంటున్నాను.

దారి గురించి చాలాసేపు మాట్లాడాను. ఊరి గురించి మాట్లాడకపోతే ఆఖరి పంక్తిని మరిచినట్టే.

1967లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ లుంబినికి వచ్చారు. ఆయన బర్మా బౌద్ధుడు. ఆ క్షేత్రపు దుస్థితి చూసి కదిలిపోయి అంతర్జాతీయ సంఘం ఏర్పాటుకు కారకుడయ్యారు. జపాను వాస్తుశిల్పి కెంజో టాంగే గీసిన మాస్టర్ ప్లాను 1978లో ఆమోదం పొందింది. నిడివి మూడు మైళ్లు, వెడల్పు ఒక మైలు. నడుమ కాలువ, తూర్పున థేరవాద విహారాలు, పడమర మహాయాన విహారాలు. దీనికోసం అక్కడి పల్లెలను ఖాళీ చేయించారు. ఇవాళ ఆ కంచె చుట్టూ బతికేవాళ్లలో బౌద్ధులు అరుదు. ముస్లింలు, మధేసీ హిందువులు, రైతులు, కూలీలు. బుద్ధుడు వాళ్ల మతం కాదు, వాళ్ల ఊరు. యాత్రికుడు దేశదేశాల విహారాలు చూసి వెళతాడు గానీ ఆ ఊరి వంట తినడు, ఆ ఊరి ఇంట్లో పడుకోడు.

టాంగే ప్లాను ఇన్ని దశాబ్దాలైనా పూర్తి కాలేదు. భైరహవా నుంచి లుంబినికి వెళ్లే దారి పొడవునా సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. దుమ్ము అశోక స్తంభం మీద పడుతోంది, అంతకన్నా ముందు అక్కడి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతోంది. లుంబిని 1997 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. 2024 జులైలో వారసత్వ కమిటీ న్యూఢిల్లీలో కూర్చున్నప్పుడు దాన్ని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో వేయాలన్న ప్రతిపాదన చర్చకు వచ్చింది. నేపాల్‌కు గడువిచ్చి వదిలారు. బుద్ధుడి నేల మాదని చెప్పుకునే మన రాజధానిలోనే ఆ చర్చ జరిగింది. ఆ సమయంలో రెండు దేశాలూ కలిసి గాలి శుభ్రతకో, స్తంభం సంరక్షణకో ఉమ్మడి కార్యక్రమం ప్రకటించి ఉంటే ఎంత బాగుండేది! ఉత్తరాది శీతాకాలపు పొగమంచు సొనౌలీ గేటు దగ్గర ఆగదు కదా.

నేను కోరేది పెద్ద ఒప్పందం కాదు. నాలుగు క్షేత్రాలకూ చెల్లే ఒక యాత్రావీసా. దాని రుసుములో నిర్ణీత భాగం నేరుగా లుంబిని చుట్టూ, కుశీనగర్ చుట్టూ ఉన్న స్థానిక పాలక సంస్థలకు పోవాలి. అది ఎనిమిదో వంతు అయితే అశోకుడి మాటకు కొనసాగింపుగా కూడా ఉంటుంది. లుంబినిలో కనీసం ఒక రాత్రి గడిపే బృందాలకు రుసుములో తగ్గింపు ఇవ్వాలి, అప్పుడు ప్యాకేజీలు అమ్మేవాళ్లు తమంతట తామే ఆ రాత్రిని చేరుస్తారు. పిప్రహ్వాకు, లుంబినికి మధ్య ఉన్న దగ్గరి హద్దు చోట్లలో ఒకదాన్ని పండుగ రోజుల్లోనైనా విదేశీ యాత్రికులకు తెరిస్తే సొనౌలీ చుట్టు తిరగనక్కర్లేదు. ఇందులో ఏదీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు.

మన తెలుగువాళ్లకు నేపాల్ దూరపు దేశం కాదు. పశుపతినాథ్‌కు వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. ముక్తినాథ్ నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటని వైష్ణవులు మంచుకొండల్లోకి ఎక్కుతారు. కైలాస మానససరోవరానికి నేపాల్ మీదుగా వెళ్లేవాళ్లు ఉన్నారు. 2025 సెప్టెంబరులో అక్కడ యువజనుల ఆందోళన చెలరేగి ప్రభుత్వం పడిపోయినప్పుడు ఖాట్మండూలో చిక్కుబడ్డ మనవాళ్లను ప్రత్యేక విమానంలో విశాఖకూ తిరుపతికీ తీసుకొచ్చారు. ఆ మూడు నాలుగు రోజులు ఎన్ని ఇళ్లలో నిద్ర లేదో ఈ సభలో కొందరికి అనుభవమే. పర్యాటక సహకారం అంటే ప్రకటనలు, పోస్టర్లు మాత్రమే అనుకుంటాం. విపత్తు వేళ ఎవరి ఫోను ఎవరు ఎత్తాలో, యాత్రికుల జాబితా ఎవరి దగ్గర ఉండాలో ముందే రాసుకోవడం కూడా అందులోదే.

ఇంత దూరం వెళ్లి మాట్లాడినవాణ్ని, ఇంటి దగ్గరి సంగతి చెప్పకుండా కూర్చోలేను.

మూడో శతాబ్దంలో వీరపురుషదత్తుడి పద్నాలుగో పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో ఒక శాసనం వేయించింది. తామ్రపర్ణి ద్వీపపు థేరుల కోసం చైత్యగృహం కట్టించానని అందులో చెప్పింది. అక్కడ సింహళ విహారం ఒకటి ఉండేదని కూడా ఆ శాసనమే చెబుతుంది. లంక నుంచి వచ్చే భిక్షువులకు కృష్ణ ఒడ్డున సొంత బస ఉండేదన్నమాట. పరాయి దేశపు యాత్రికుడికి చైత్యగృహం కట్టి పెట్టిన స్త్రీ మన నేల మీద ఉంది. అక్కడి మహాచైత్యంలో దొరికిన ధాతువు ఇవాళ సారనాథ్‌లో మూలగంధకుటి విహారంలో ఉంది. ఆ విహారం కట్టించింది సింహళీయుడైన అనగారిక ధర్మపాల స్థాపించిన మహాబోధి సొసైటీ. సారనాథ్ వెళ్లే మన యాత్రికుల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?

2022 మే 14న, లుంబినిలో ఆ హడావుడి జరగడానికి రెండు రోజుల ముందు, నాగార్జునసాగర్ దగ్గర తెలంగాణ ప్రభుత్వం 274 ఎకరాల్లో బుద్ధవనం ప్రారంభించింది. అందులో శ్రీలంక ఇచ్చిన అవుకన బుద్ధుడి నమూనా విగ్రహం నిలబడి ఉంది. బోధిసిరి చైత్యగృహానికి అది పదిహేడు వందల ఏళ్ల తర్వాతి జవాబులా ఉంటుంది. కానీ బోధిసిరి శాసనం దొరికిన చోటు, జలాశయంలో మునిగే ముందు తవ్వి తీసిన శిల్పాలున్న ద్వీపపు మ్యూజియం, అనుపు దగ్గర తిరిగి నిలబెట్టిన కట్టడాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. కేంద్రం స్వదేశ్ దర్శన్ కింద మంజూరు చేసిన ఆంధ్ర బౌద్ధ యాత్రామార్గం శాలిహుండం నుంచి అనుపు దాకా వచ్చి ఆగుతుంది. బుద్ధవనం అక్కడికి పెద్ద దూరమేమీ కాదు. నడుమ ఉన్నది నది, ఆనకట్ట. ఆ ఆనకట్ట మీదే 2023 నవంబరు చివర్లో నీళ్ల తగవులో పోలీసు బారికేడ్లు లేచాయి. నీళ్ల లెక్కలు తేల్చడం ఇంజనీర్ల, న్యాయమూర్తుల పని. ఒక టికెట్టు, ఒక లాంచీ, ఒక బస్సు సంగతి తేల్చడానికి ట్రిబ్యునల్ అక్కర్లేదు. కొలంబో నుంచి వచ్చిన భిక్షువుకు తాను ఏ రాష్ట్రపు గట్టు మీద ఉన్నాడో తెలియాల్సిన అవసరమే రాకూడదు.

అందుకని ఈ ఉపన్యాస నిధి నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏడాది ఈ సభను సాగర్‌లో పెట్టండి. రెండు రాష్ట్రాల పర్యాటక శాఖల అధికారులను, పురావస్తు శాఖల వారిని, లాంచీ నడిపేవారిని, విజయపురి సౌత్ రేవు దగ్గర టీ అమ్ముకునేవారిని, హిల్ కాలనీ లాడ్జీల వారిని ఒకే వరుసలో కూర్చోబెట్టండి. పొద్దున లాంచీ ఎన్నింటికి బయలుదేరాలి, ద్వీపం నుంచి తిరిగొచ్చిన యాత్రికుడిని బుద్ధవనానికి తీసుకెళ్లే బస్సు ఎక్కడ ఆగాలి, ఉమ్మడి టికెట్టు ధర ఎంత, అందులో ఒడ్డున ఉన్న పంచాయతీలకు ఎంత, ఈ నాలుగింటికీ ఆ పూటే జవాబులు రాయించండి. ఉపన్యాసం ఎవరిచ్చినా ఫరవాలేదు, అరగంటలో ముగించమని చెప్పండి. మిగతా పొద్దంతా ఆ లెక్కలకే కేటాయించండి.